గుంత ఎండేలోగా

తోకతో పుడుతుంది. మొప్పలతో ఊపిరి తీస్తుంది. పాచి తిని పెరుగుతుంది. రెండు నెలలు తిరిగేలోపే నాలుగు కాళ్లతో ఒడ్డెక్కి పురుగుల్ని వేటాడుతుంది. ఏటా వానాకాలంలో మన ఇళ్ల పక్కనే జరిగే ఈ వింతకు టికెట్ లేదు, చూసేవాళ్లూ పెద్దగా లేరు. కప్ప ఎలా పెరుగుతుందో, ఎందుకంత తొందరపడుతుందో చెప్పే కథనమిది.

జూన్ రెండో వారంలో ఒక పెద్ద వాన పడిందనుకోండి. ఊరి చివర ఇటుకల కోసం మట్టి తవ్విన గోతిలో మోకాల్లోతు నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లు ఎన్నాళ్లుంటాయి? వానలు వెంటవెంటనే పడితే దసరా దాకా ఉండొచ్చు. ముఖం చాటేస్తే మూడు వారాల్లో అడుగు నెర్రెలు విచ్చొచ్చు. ఎవరూ ఖాయంగా చెప్పలేని ఆ లెక్క మీద, అదే రాత్రి ఒక ఆడకప్ప తన సంతానమంతటినీ పణంగా పెడుతుంది. వందలో వేలో గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది.

కాస్త దూరంలో నిండు చెరువు ఉండగా ఈ గోతినే ఎందుకు ఎంచుకోవాలి? చెరువులో చేపలుంటాయి. కప్ప గుడ్లూ పిల్లలూ వాటికి విందు. నిన్నటిదాకా ఎండి ఉన్న గోతిలో చేప ఉండదు. అక్కడ శత్రువులు తక్కువ, గడువూ తక్కువే. మన వైపు కప్పల్లో చాలా జాతులు చేపలున్న చెరువు కంటే ఎండిపోయే గుంతే మేలనుకున్నాయి. కప్పపిల్ల ఒంట్లో జరిగే మార్పులన్నిటినీ ఆ గడువే తరుముతుంది. కప్ప మీద మనకు కలిగే కుతూహలానికి మూలమూ ఆ మార్పులే. ఒక్క జన్మలో రెండు బతుకులు బతికే జీవి అది. ఆ మార్పును రోజూ సాయంత్రం నడకకు వెళ్లి కళ్లారా చూడొచ్చు.

నేల కింద నుంచి కచేరీకి

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలు కాస్తున్నప్పుడు కప్పలన్నీ ఎక్కడికి పోతాయి? చాలావరకు మన కాళ్ల కిందే ఉంటాయి. పొట్ట ఉబ్బి, ముక్కు మొద్దుబారి ఉండే మట్టి కప్పలకు వెనక పాదం దగ్గర గట్టి బుడిపె ఉంటుంది. దాంతో మట్టిని పక్కకు నెట్టుకుంటూ, వెనక్కి వెనక్కి జరుగుతూ నేలలోకి దిగిపోతాయి. తిండి ఉండదు, కదలిక ఉండదు. ఒంట్లో దాచుకున్న కొవ్వుతో, చర్మం చుట్టూ ఉన్న కాస్త తేమతో నెలలు గడిపేస్తాయి. మిగతావి రాళ్ల సందుల్లో, చెట్టు తొర్రల్లో, ఇంట్లో నీళ్ల కుండీ వెనక చల్లదనం వెతుక్కుంటాయి.

మృగశిర చినుకులతో నేల తడవగానే అవన్నీ ఒక్కసారిగా బయటికొస్తాయి. ఆ రాత్రి మనం వినే బెకబెకలు మగవాటివే. ఆడకప్పలు దాదాపు నోరు మెదపవు. మగకప్ప నోరూ ముక్కూ మూసుకుని, ఊపిరితిత్తుల్లోని గాలిని స్వరతంత్రుల మీదుగా గొంతు కింది సంచిలోకి నెడుతుంది. సంచి ఉబ్బి శబ్దాన్ని పెంచుతుంది. అదే గాలి మళ్లీ వెనక్కి వెళుతుంది. అందుకే ఒక్కో అరుపుకూ కొత్తగా ఊపిరి పీల్చాల్సిన పని లేదు. ఒక్కో జాతిది ఒక్కో పిలుపు. చెట్టు కప్ప కొయ్యను తట్టినట్టు ఆగి ఆగి టక్‌టక్‌మంటుంది. గోదురు కప్ప సన్నగా, సాగదీస్తూ కుర్రుమంటుంది. బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దగా ఉండే బుల్లి కప్ప దాని సైజుకు పదింతల గొంతుతో గరగరలాడుతుంది. ఆ గోలలో ఆడకప్ప తన జాతి పిలుపును మాత్రమే పట్టుకుని అటువైపు గెంతుతుంది.

బోదురు కప్పకు గొంతు చాలదు, వేషం కూడా కావాలి. ఏడాది పొడవునా మట్టిరంగు, ఆకుపచ్చ చారలతో ఉండే మగవి తొలకరికి నిమ్మపండు పసుపులోకి మారతాయి. బుగ్గల కింద రెండు నీలం సంచులు ఉబ్బుతాయి. 2020 జులైలో మధ్యప్రదేశ్‌లోని నర్సింగ్‌పూర్‌లో ఇలాంటి పసుపు కప్పల గుంపు వీడియో దేశమంతా చుట్టేసింది. ఏదో కొత్త జంతువనీ, విషపు కప్పలనీ చాలామంది అనుకున్నారు. మన వరి పొలాల్లో ఉండే బోదురు కప్పలే అవి. జత కట్టే రోజులు దాటాక ఆ రంగు వెలిసిపోతుంది.

మగకప్ప ఆడకప్పను వెనక నుంచి పట్టుకుని ఉండగా గుడ్లు నీళ్లలోకి వస్తాయి, ఫలదీకరణ బయటే జరుగుతుంది. ఈ సంగతి తేల్చడానికి 18వ శతాబ్దంలో ఇటలీ శాస్త్రవేత్త లాజారో స్పల్లాంజానీ మగకప్పలకు టాఫెటా గుడ్డతో బుల్లి నిక్కర్లు తొడిగాడు. నిక్కర్లున్న కప్పలు జతకట్టాయి గానీ ఆ గుడ్లలోంచి పిల్లలు రాలేదు. సంతానం కలగాలంటే మగజీవి బీజం గుడ్డును తాకాల్సిందేనని చూపించిన తొలి ప్రయోగాల్లో ఇదొకటి.

గుడ్డు, జిగురు, నురగ

గుడ్డు పెట్టడంలో ఒక్కో కప్పది ఒక్కో పద్ధతి. గోదురు కప్ప గుడ్లు పొడవాటి జిగురు దారాల్లో నల్ల పూసల వరసల్లా నీటి మొక్కలకు చుట్టుకుని కనిపిస్తాయి. బుల్లి కప్పవి నీటి మీద పలచటి తెట్టులా పరుచుకుంటాయి. చెట్టు కప్పది అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు. ఆడకప్ప ఒంట్లోంచి వచ్చే ద్రవాన్ని వెనక కాళ్లతో గిలకొట్టి నురగ చేస్తుంది, ఆ నురగలో గుడ్లు పెడుతుంది. ఈ నురగ గూడు నీటి పైన కొమ్మకో, నీళ్ల తొట్టి గోడకో అంటుకుని ఉంటుంది. పైపొర ఆరి గట్టిపడినా లోపల తడి నిలుస్తుంది. నీటిలో ఉండే శత్రువులకు అందదు. కొన్నాళ్లకు గూడు మెత్తబడి పిల్లలు కింద నీళ్లలోకి జారిపోతాయి.

గుడ్డు చుట్టూ ఉండే జిగురు నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. లోపలి పిండాన్ని దెబ్బల నుంచీ చిన్న పురుగుల నుంచీ కాపాడుతుంది. గుడ్డు పైభాగం నల్లగా, కిందిభాగం తెల్లగా ఉండటం మీరు చూసే ఉంటారు. ఆ నలుపు పిండానికి ఎండ తగలకుండా అడ్డు నిలుస్తుంది.

మన వేడికి ఒకటి రెండు రోజుల్లోనే గుడ్డులోంచి పిల్ల బయటపడుతుంది. అప్పటికి దానికి నోరు కూడా సరిగా తెరుచుకోదు. తల కింద ఉన్న జిగురు గ్రంథితో ఏ గడ్డిపోచనో పట్టుకుని వేలాడుతూ, ఒంట్లో మిగిలిన గుడ్డు సొనతో కడుపు నింపుకుంటుంది. బయటికి కనిపించే మొప్పలు కొన్నాళ్లకు చర్మం కిందికి వెళ్లిపోతాయి. నోరు తెరుచుకుంటుంది. పెదాల మీద గట్టి ముక్కు, దాని చుట్టూ కంటికి ఆనని పళ్ల వరసలు వస్తాయి. ఇక పని మొదలు. రాళ్ల మీది పాచిని గీరి గీరి తింటుంది. పాచి అరగాలంటే పొడవాటి పేగు కావాలి. ఈ దశలోని పిల్లను, అంటే తోకకప్పను, వెల్లకిలా తిప్పితే పొట్ట చర్మంలోంచి చుట్టలు చుట్టుకున్న ఆ పేగు కనిపిస్తుంది.

అన్నీ పాచి గీరి బతకవు. బుల్లి కప్ప పిల్లలు గాజులా పారదర్శకంగా ఉండి, నడి నీటిలో నిలకడగా తేలుతూ నీటిని వడకట్టుకుని తింటాయి. బోదురు కప్ప పిల్లలు మాంసాహారులు. దోమ పిల్లల్నీ, పక్క జాతుల తోకకప్పల్నీ, ఆకలేస్తే సొంత తోబుట్టువుల్నీ తినేస్తాయి. అండమాన్ దీవులకు మనుషుల చేతుల మీదుగా చేరిన బోదురు కప్పలు ఈ అలవాటుతోనే అక్కడి స్థానిక కప్పల పిల్లలకు యమగండంగా మారాయి. మనకు పంట నేస్తం, అక్కడ ఆక్రమణదారు.

గుంపులుగా తిరిగే నల్లటి పిల్లలు కనిపిస్తే అవి గోదురు కప్పవి కావచ్చు. వీటికి తోబుట్టువుల్నీ పరాయి పిల్లల్నీ వేరుగా గుర్తించే శక్తి ఉందని ధార్వాడ్‌లోని కర్ణాటక విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ప్రయోగాల్లో చూపించారు. ఒకే తల్లి గుడ్లలోంచి వచ్చినవి వాసనతో పోల్చుకుని ఒకదాని దగ్గరికి ఒకటి చేరతాయి.

కాపురం ఉంటూనే ఇల్లు మార్చడం

తర్వాత జరిగేదే అసలు కథ. ముందు తోక మొదట్లో రెండు చిన్న మొగ్గలు పొడుచుకొస్తాయి. అవే వెనక కాళ్లు. వాటికి వేళ్లు విడివడి, మోకాలు వంగడం మనకు కనిపిస్తూనే ఉంటుంది. ముందు కాళ్లు మాత్రం మొప్పల మీది చర్మం చాటున దాక్కుని పెరుగుతాయి. ఒకరోజు మోచేయితో సహా పూర్తిగా తయారై చర్మాన్ని చీల్చుకుని బయటికొస్తాయి. నిన్న రెండు కాళ్లతో ఈదిన పిల్లకు ఇవాళ నాలుగు కాళ్లుండటం చూసి పిల్లలు ఆశ్చర్యపోయేది ఇక్కడే.

అక్కడి నుంచి వారం పది రోజుల్లో దాని ఒళ్లంతా మారిపోతుంది. ఇంట్లో కాపురం ఉంటూనే గోడలు కూల్చి కొత్త ఇల్లు కట్టుకున్నట్టు ఉంటుంది ఆ పని. పాచి గీరిన గట్టి ముక్కు ఊడిపోతుంది. నోరు చెవుల దాకా వెడల్పవుతుంది. నాలుక పెరుగుతుంది. పొడవాటి పేగు కుంచించుకుపోయి, పురుగుల్ని అరిగించే పొట్టి పేగుగా మారుతుంది. మొప్పలు కరిగి ఊపిరితిత్తులు బాధ్యత అందుకుంటాయి. కళ్లు తల పైకి జరుగుతాయి, వాటికి రెప్పలు వస్తాయి. కంట్లో వెలుగును పట్టే రసాయనమూ, నెత్తుట్లో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ రకమూ మారతాయి. నీటి కదలికల్ని పసిగట్టే చర్మపు గ్రాహకాలు మాయమవుతాయి. నీళ్లలో ఉన్నప్పుడు ఒంట్లోని వ్యర్థాన్ని అమోనియాగా వదిలేసిన జీవి, నేల మీద నీటి పొదుపు కోసం యూరియాగా మార్చుకోవడం నేర్చుకుంటుంది.

మరి తోక? చాలామంది అనుకున్నట్టు అది ఊడిపడదు. తోకలోని కణాలు ఒక క్రమంలో వాటంతట అవే చనిపోతాయి, ఆ పోషకాల్ని శరీరం లోపలికి లాక్కుంటుంది. ఈ రోజుల్లో నోరూ పేగూ మరమ్మతులో ఉంటాయి కాబట్టి పిల్ల ఏమీ తినలేదు. తోకే దానికి సద్దిమూట.

ప్రాణగండం కూడా ఇప్పుడే. తోక పొట్టిబడింది గనక చురుగ్గా ఈదలేదు, తోక ఇంకా మిగిలింది గనక బాగా గెంతలేదు. అమెరికాలో పాముల పొట్టలు పరిశీలించినప్పుడు ఈ మధ్య దశలో ఉన్న కప్పపిల్లలే ఎక్కువగా దొరికాయి. ఈ దశను వీలైనంత త్వరగా దాటేయడం అందుకే అన్ని కప్పలకూ ప్రాణావసరం. గుడ్డు నుంచి తోక పోయేదాకా సాగే ఈ ప్రయాణాన్ని 1960లో కెన్నెత్ గాస్నర్ అనే అమెరికన్ 46 మెట్లుగా విభజించాడు. ప్రపంచంలో ఎక్కడ తోకకప్ప దొరికినా శాస్త్రవేత్తలు ఇప్పటికీ అది ఏ దశలో ఉందో ఎక్కువగా ఆ మెట్ల లెక్కలోనే చెప్పుకుంటారు.

పరగడుపు మాత్రలో ఉన్నదే

ఇంత మార్పుకు మీట ఎక్కడుంది? 1912లో గూడర్నాట్ష్ అనే శాస్త్రవేత్త తోకకప్పలకు గుర్రం థైరాయిడ్ గ్రంథి ముక్కలు తినిపించాడు. పెరగాల్సినంత పెరగకుండానే అవి గబగబా కాళ్లు తెచ్చుకుని, తోక పోగొట్టుకుని చిట్టి కప్పలైపోయాయి. నాలుగేళ్ల తర్వాత బెనెట్ అలెన్ దీన్ని తిరగేసి చూశాడు. తోకకప్పల్లోంచి థైరాయిడ్ తీసేశాడు. అవి కప్పలు కాలేదు, తోకకప్పలుగానే ఉండిపోయి భారీగా పెరిగాయి. థైరాయిడ్ అందిస్తే మాత్రం మళ్లీ దారిలో పడ్డాయి.

తోకకు కరిగిపొమ్మనీ, కాలికి పెరగమనీ చెప్పేది ఒకే హార్మోను. అది థైరాక్సిన్. మన ఇళ్లలో ఎంతోమంది పొద్దున్నే పరగడుపున వేసుకునే మాత్రలో ఉండేదీ అదే. ఒక్కో అవయవం దాన్ని ఒక్కోలా అర్థం చేసుకుంటుంది, ఒక్కో మోతాదు దగ్గర స్పందిస్తుంది. మనిషికీ కప్పకూ ఈ చుట్టరికం ఉండటం వల్లే, కొత్త రసాయనాలు థైరాయిడ్‌ను దెబ్బతీస్తాయో లేదో తేల్చడానికి తోకకప్పల మీద చేసే పరీక్షను 2009లో అంతర్జాతీయ ప్రమాణంగా తీసుకున్నారు.

ఈ మీట వాతావరణాన్ని గమనిస్తూ ఉంటుంది. గుంతలో నీళ్లు తగ్గుతుంటే తోకకప్ప ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి, అవి థైరాయిడ్‌ను తొందరపెడతాయి. పిల్ల రోజుల ముందే ఒడ్డెక్కుతుంది. ధార్వాడ్ పరిశోధకులే గోదురు కప్ప పిల్లల మీద దీన్ని పరిశీలించారు. నీళ్లు తగ్గించినప్పుడు అవి త్వరగా కప్పలయ్యాయి. వేటాడే బోదురు కప్ప పిల్లల్ని దగ్గర పెట్టినా త్వరపడ్డాయి. కానీ తొందరకు ధర ఉంది. ముందే ఒడ్డెక్కిన కప్ప చిన్నగా ఉంటుంది. చిన్న కప్ప ఎక్కువ దూరం గెంతలేదు, ఎక్కువ నోళ్లలో పడుతుంది. ఉన్న నీళ్లలో ఇంకో నాలుగు రోజులు తిని లావెక్కాలా, ఇవాళే బయటపడాలా అన్న లెక్క ప్రతి గుంతలోనూ, ప్రతి పిల్ల ఒంట్లోనూ నడుస్తుంది.

నీటికి కొదవలేని చోట ఈ తొందర ఉండదు. ఉత్తర అమెరికా చలి ప్రాంతాల్లోని బుల్‌ఫ్రాగ్ పిల్ల రెండేళ్ల దాకా తోకతోనే ఉండగలదు. మన గుంతల్లో అదే పని జాతిని బట్టి, నీటి వేడిని బట్టి నెల నుంచి రెండు నెలల్లో అయిపోవాలి.

ఒడ్డెక్కాక

తోక పోయిన కప్పపిల్ల వేలి గోరంత ఉంటుంది. పెరిగి జతకట్టే వయసుకు రావడానికి మరో ఏడాదో రెండేళ్లో పడుతుంది. ఈలోగా అది వాడే పనిముట్లు చూస్తే ముచ్చటేస్తుంది. నాలుక నోటి ముందు భాగానికి అతుక్కుని ఉంటుంది, మడిచినది విప్పినట్టు బయటికి దూకుతుంది. పురుగు నోట్లోకి వచ్చాక కప్ప కళ్లు మూస్తుంది. అది రుచికి పరవశించడం కాదు. కనుగుడ్లు లోపలికి దిగి పురుగును గొంతులోకి నెట్టడానికి సాయపడతాయి. దాహమేస్తే నోటితో తాగదు, తడి నేల మీద చతికిలబడి పొట్ట కింది చర్మంతో నీళ్లు పీలుస్తుంది. అప్పుడప్పుడు పాత చర్మాన్ని చొక్కాలా విడిచి, దాన్నే తినేస్తుంది. మన బాత్రూముల్లో, నీళ్ల ట్యాంకుల్లో కనిపించే చెట్టు కప్ప ఎండ కాసే రోజుల్లో ఒంటి నుంచి వచ్చే కొవ్వు ద్రవాన్ని కాళ్లతో ఒళ్లంతా రుద్దుకుని తడి ఆరకుండా చూసుకుంటుంది.

కప్పను తాకితే పులిపిర్లు వస్తాయన్న భయం మాత్రం అక్కర్లేదు. పులిపిర్లు మనుషుల్లో తిరిగే వైరస్ వల్ల వస్తాయి. గోదురు కప్ప కళ్ల వెనక గ్రంథుల్లో విషపదార్థం ఉంటుంది కాబట్టి దాన్ని ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి, అంతే.

లోకంలో కొన్ని వింత బాల్యాలు

- ఊదా కప్ప: 2003లో ఎస్.డి. బిజు, ఫ్రాంకీ బోసైట్ పడమటి కనుమల నుంచి లోకానికి పరిచయం చేశారు. ఏడాదంతా నేల కిందే ఉండి, తొలకరికి కొద్ది రోజులు మాత్రం పైకి వస్తుంది. దీని పిల్లలు పెదాలతో రాళ్లను కరుచుకుని కొండవాగుల ఉరవడిని తట్టుకుంటాయి. దీనికి దగ్గరి చుట్టాలు సముద్రం అవతల సేషెల్స్ దీవుల్లో ఉన్నాయి.
- తలకిందుల కప్ప: దక్షిణ అమెరికాలోని ఒక జాతిలో తోకకప్ప పాతిక సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. కప్పగా మారాక అందులో మూడో వంతుకు కుదించుకుపోతుంది.
- పొట్టలో పిల్లలు: ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఒక కప్ప గుడ్లు మింగేసి, పిల్లల్ని జీర్ణాశయంలోనే పెంచి నోటి నుంచి బయటికి వదిలేది. అన్నాళ్లూ దాని కడుపులో ఆమ్లం ఊరడం ఆగిపోయేది. 1980లలో ఆ కప్ప అంతరించిపోయింది.
- గుడ్డులోంచే పరుగు: మధ్య అమెరికాలోని ఎర్రకళ్ల చెట్టు కప్ప గుడ్లను పాము కొరికితే, ఆ కుదుపు గుర్తుపట్టి పిండాలు గడువుకు ముందే గుడ్లు చీల్చుకుని నీళ్లలోకి దూకేస్తాయి.
- అంతరిక్షంలో తోకకప్పలు: 1992 సెప్టెంబరులో ఎండీవర్ వ్యోమనౌకలో ఆఫ్రికా కప్పలు గుడ్లు పెట్టాయి. భారరహిత స్థితిలోనే అవి ఫలదీకరణ చెంది తోకకప్పలయ్యాయి.

కప్పకు మనం పడ్డ బాకీ

కరెంటు చరిత్రలో కప్ప కాలు ఉంది. 18వ శతాబ్దం చివర లుయీజీ గాల్వానీ చచ్చిన కప్ప కాలు లోహాలు తాకగానే ఎగరడం చూశాడు. ఆయనతో విభేదించిన అలెస్సాండ్రో వోల్టా ఆ వాదనలోంచే 1800లో బ్యాటరీ తయారు చేశాడు. గర్భ పరీక్షల కిట్లు రాకముందు, స్త్రీ మూత్రాన్ని ఆఫ్రికా కప్పకు ఎక్కించి, అది గుడ్లు పెడితే గర్భమని తేల్చేవారు. 1962లో జాన్ గర్డన్ తోకకప్ప పేగు కణంలోని కేంద్రకాన్ని, కేంద్రకం లేకుండా చేసిన గుడ్డులో పెట్టి కొత్త కప్పను పుట్టించాడు. పెరిగిపోయిన కణం కూడా వెనక్కి వెళ్లి మొదటి నుంచి మొదలుపెట్టగలదని తేలింది. ఆయనకు 2012లో నోబెల్ వచ్చింది.

మన కాలేజీల్లో బైపీసీ, జువాలజీ విద్యార్థులు మైనం ట్రేలో పిన్నులు గుచ్చి కోసిన కప్పల సంఖ్యకు లెక్కే లేదు. 2014లో యూజీసీ డిగ్రీ, పీజీ ల్యాబుల్లో జంతువుల్ని కోయడం ఆపించింది. అంతకుముందే ఇంకో వధ ఆగింది. యూరప్, అమెరికా హోటళ్ల కోసం మన దేశం ఏటా వేల టన్నుల కప్ప కాళ్లు ఎగుమతి చేసేది. పెట్టెల్లో వెళ్లేవి వెనక కాళ్లు మాత్రమే. మిగతా కప్పంతా వృథాయే. పొలాల్లో పురుగుల్ని తినే జీవుల్ని అమ్ముకుని, ఆ డబ్బుతో పురుగు మందులు కొనడం ఏం లెక్కని విమర్శలు వచ్చాయి. 1987లో కేంద్రం ఆ ఎగుమతిని నిషేధించింది.

కప్పతో వానకున్న బంధం మన పల్లెలకు ముందు నుంచీ ఎరుకే. వానలు ముఖం చాటేస్తే రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, కప్పతల్లి ఆడుతూ ఇంటింటికీ తిరుగుతారు. ఇంటివాళ్లు దాని మీద నీళ్లు గుమ్మరిస్తారు. అస్సాంలో కప్పలకు పెళ్లే చేస్తారు. రుగ్వేదం ఏడో మండలంలో కప్పల మీద ఒక సూక్తమే ఉంది. మహాభారతంలో మండూకరాజు కూతురు సుశోభన పరీక్షిత్తు అనే ఇక్ష్వాకు రాజును పెళ్లాడి, నీళ్లు చూపించొద్దని షరతు పెడుతుంది. వాన కోసం కప్పను తలుచుకున్నంతగా, వాన వచ్చాక దాని పిల్లలకు నీళ్లు మిగిలాయో లేదో చూడటం మాత్రం మనకు అలవాటు కాలేదు.

అరుపులు ఎందుకు తగ్గాయి

2023లో వచ్చిన అంతర్జాతీయ అంచనా ప్రకారం ప్రపంచ ఉభయచర జాతుల్లో 41 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయి. వెన్నెముక ఉన్న జంతువుల్లో ఇంత ప్రమాదంలో ఉన్న వర్గం మరోటి లేదు. చర్మానికి సోకే కైట్రిడ్ అనే శిలీంధ్రం వల్ల 501 జాతులు క్షీణించాయనీ, వాటిలో 90 అంతరించి ఉంటాయనీ 2019లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. కోస్టారికా, పనామాల్లో కప్పలు పోయిన చోట్ల కొన్నేళ్ల పాటు మలేరియా కేసులు పెరిగాయని 2022లో మరో అధ్యయనం చెప్పింది. దోమల్ని తినే నోళ్లు తగ్గితే ఏమవుతుందో ఆ రెండు దేశాల్లో కనిపించింది.

మన దగ్గర ముప్పు ఇంకా సాదాగా ఉంటుంది. రోడ్డు పక్క గుంతను మట్టితో పూడ్చేస్తాం. కుంట శిఖంలో ప్లాట్లు వేస్తాం. పొలంలో నీటి గుంతకు నిట్టనిలువు గోడలు కడతాం, లేదా ప్లాస్టిక్ పట్టా పరుస్తాం. తోక పోయిన కప్పపిల్ల ఒడ్డెక్కడానికి పట్టు దొరక్క అందులోనే మునిగిపోతుంది. మొక్కజొన్నలో కలుపుకు కొట్టే అట్రజిన్ మందు వానకు కొట్టుకొచ్చి ఈ నీళ్లలోనే చేరుతుంది. అమెరికా శాస్త్రవేత్త టైరోన్ హేస్ ప్రయోగాల్లో ఆ మందు కలిసిన నీటిలో పెరిగిన మగకప్పల్లో కొన్ని ఆడకప్పలుగా మారి గుడ్లు కూడా పెట్టాయి. తయారీదారులు ఆ ఫలితాన్ని ఒప్పుకోలేదు. యూరోపియన్ యూనియన్ మాత్రం భూగర్భజలాల్లో చేరుతోందన్న కారణంతో ఆ మందును ఎప్పుడో పక్కన పెట్టింది.

నీళ్లు నిలిస్తే దోమలు పెరగవా అని ఎవరైనా అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. డెంగీ దోమ పెరిగేది ప్రధానంగా ఇంటి చుట్టూ ఉండే డ్రమ్ముల్లో, కూలర్లలో, పాత టైర్లలో, పూలకుండీ కింది పళ్లెంలో. అక్కడ కప్ప ఉండదు, తూనీగ పిల్లలూ ఉండవు. వారానికోసారి వంచి ఆరబెట్టాల్సింది వాటిని. పొలాల మధ్య గుంతలో దోమ పిల్లల్ని తినే నోళ్లు చాలా ఉంటాయి. దోమల కోసమని గంబూసియా చేపల్ని అలాంటి గుంతల్లో వదిలితే, అవి కప్ప గుడ్లనూ పిల్లల్నీ కూడా మింగేస్తాయి. చేపలు లేవనే కదా కప్ప ఆ గుంతకు వచ్చింది!

కప్పకు అభయారణ్యం అక్కర్లేదు. దానికి కావాల్సింది పక్కలు వాలుగా ఉండి, రెండు నెలలు మందులూ మట్టీ పడకుండా నిలిచే కొద్దిపాటి నీళ్లు. రైతులు నీటి గుంతకు ఒక పక్క ఏటవాలు వదలొచ్చు, లేదా లోపలికి ఒక కొమ్మ వేయొచ్చు. అపార్ట్‌మెంట్ల వాళ్లు తొట్టిలో నాలుగు రాళ్లు పేర్చొచ్చు. తొలకరి రాత్రుల్లో చెరువు కట్ట మీద బండి నెమ్మదిగా నడపొచ్చు.

ఇంటికి తెచ్చి సీసాలో పెంచాలన్న ముచ్చట మాత్రం వద్దు. ఉన్న చోటే చూడండి. మొదటి వారం జిగురు గుడ్లు, రెండో వారం ఈదే తోకలు, మూడు నాలుగు వారాల్లో వెనక కాళ్లు, ఆ తర్వాత ముందు కాళ్లు, చివరికి చిరుజల్లు పడ్డ పూట ఒడ్డున గెంతే గోరంత కప్పలు. జాతిని బట్టి కొద్దిగా అటూ ఇటూ అవుతాయి. కప్ప జీవిత చక్రం బడి పుస్తకాల్లో ఉన్న పాఠమే. టీచరు జులైలో వారానికో గంట పిల్లల్ని ఊరి గుంత దగ్గరికి నడిపిస్తే ఆ పాఠానికి ప్రొజెక్టరు అక్కర్లేదు. పరీక్షలో బొమ్మ గీసి భాగాలు గుర్తించమన్నప్పుడు ముందు కాళ్లు ఎటునుంచి వచ్చాయో, తోక ఎక్కడికి పోయిందో వాళ్లు చూసింది చూసినట్టు రాస్తారు.